స్కూల్ ఫుట్‌బాల్‌కు రిఫరీల కొరత: అపోహలు - వాస్తవాలు

స్కూల్ గేమ్స్ సీజన్ మొదలైందంటే ఏ జిల్లాలో చూసినా ఒకటే ఫోన్: "రేపు మ్యాచ్‌లున్నాయి, రిఫరీ ఎవరైనా దొరుకుతారా?" అండర్-14, అండర్-17, బాలురు, బాలికలు, మండలం, జిల్లా, రాష్ట్రం, వీటికి తోడు ప్రైవేటు స్కూళ్ల టోర్నీలు. అన్నీ కొన్ని వారాల్లోనే వచ్చి పడతాయి. అర్హత ఉన్న రిఫరీ దొరక్కపోతే గ్రౌండ్‌లో ఉన్న ఎవరో ఒకరి చేతిలో విజిల్ పెట్టి మ్యాచ్ నడిపించేస్తారు. నష్టపోయేది పిల్లలు. ఈ కొరత గురించి గ్రౌండ్ గట్టున వినిపించే మాటల్లో చాలావాటికి ఆధారం లేదు. రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేస్తున్నాం.

అపోహ: రిఫరీ అవుదామని ఇప్పుడు ఎవరూ రావడం లేదు.

వస్తున్నారు. నిలవడం లేదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే ప్రతిసారీ "ఇంకో కోర్సు పెడదాం" దగ్గరే ఆగిపోతున్నాం.

దీనికి అమెరికాలో లెక్కలు దొరుకుతాయి. అక్కడి హైస్కూల్ ఆటల జాతీయ సమాఖ్య ఎన్ఎఫ్‌హెచ్ఎస్ చెప్పిన ప్రకారం 2018-19 తర్వాత మూడేళ్లలో అన్ని ఆటల్లో కలిపి సుమారు 50,000 మంది అఫిషియల్స్ (రిఫరీలు, అంపైర్లు) తప్పుకున్నారు. మధ్యలో కోవిడ్ వచ్చిన మాట నిజమే. కానీ కోవిడ్‌కు ముందే, 2019 జనవరిలో, ఆ సంస్థ తల్లిదండ్రులకు ఒక బహిరంగ లేఖ రాసింది. కొత్తగా చేరినవారిలో పదిమందికి ఇద్దరే మూడో ఏడాదికి మిగులుతున్నారనీ, మానేసినవాళ్లలో 75 శాతానికి పైగా పెద్దల ప్రవర్తననే ప్రధాన కారణంగా చెబుతున్నారనీ అందులో ఉంది. రిఫరీలు చాలక శుక్రవారం రాత్రి ఆడాల్సిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లను గురువారానికో శనివారానికో మార్చుకున్న స్కూళ్లు అక్కడ చాలా ఉన్నాయి. అక్కడ పిల్లల్ని స్కూల్ టీముల్లో ఆడిస్తున్న తెలుగు కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు.

మన దగ్గర కొత్త రిఫరీ ఎలా దూరమవుతాడో చూడండి. కొద్దిరోజుల కోర్సు, ఒక రాతపరీక్ష, చేతికి సర్టిఫికెట్. మొదటి మ్యాచ్‌కే సెంటర్ రిఫరీ, అంటే గ్రౌండ్ మధ్యలో విజిల్‌తో ఆట నడిపే బాధ్యత. లైన్ల మీద అర్హత ఉన్నవాళ్లు ఉండరు. పక్కన సలహా చెప్పే సీనియర్ ఉండడు. ఒక పెనాల్టీ ఇవ్వగానే రెండు బెంచీలూ లేస్తాయి. అలాంటి రెండు మూడు ఆదివారాల తర్వాత ఆ అబ్బాయి ఫోన్ ఎత్తడు.

వాళ్లను నిలబెట్టుకోవాలంటే మెట్లు కట్టాలి. మొదటి నాలుగైదు మ్యాచ్‌లు అసిస్టెంట్‌గా, అదీ సీనియర్ సెంటర్‌లో ఉన్నప్పుడు. తర్వాత చిన్న పిల్లల 5-ఎ-సైడ్, 7-ఎ-సైడ్ ఆటల్లో సెంటర్. ఆ తర్వాతే అండర్-14 లీగ్ మ్యాచ్. నాకౌట్ మ్యాచ్‌లు, ఎప్పటినుంచో పోటీ ఉన్న స్కూళ్ల మ్యాచ్‌లు మొదటి సీజన్‌లో ఇవ్వొద్దు. హాఫ్‌టైమ్‌లో సీనియర్ చెప్పాల్సింది ఒక్క విషయమే: "బాల్‌కి దూరమైపోతున్నావ్, పది అడుగులు ముందుకు జరుగు" అన్నంత సూటిగా. తప్పుల చిట్టా విప్పడానికి అది సమయం కాదు.

అపోహ: పీఈటీ సార్ ఉన్నారుగా, ఆయనే విజిల్ వేస్తారు.

వ్యాయామ ఉపాధ్యాయులు లేకపోతే ఈ ప్రాంతంలో ఫుట్‌బాలే లేదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు తెచ్చిన కోచ్, హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిపంతులుగా పనిచేసినవారే. కాబట్టి ఇక్కడ ప్రశ్న పీఈటీల సామర్థ్యం గురించి కాదు.

చిక్కు రెండు చోట్ల ఉంది. ఆ పోటీలో సార్ సొంత స్కూల్ టీమ్ ఉంటుంది. ఆయన ఎంత నిజాయతీగా విజిల్ వేసినా, అవతలి టీమ్ ఓడిన మరుక్షణం పక్షపాతం చూపించారన్న మాట బయటికొస్తుంది. సొంత స్కూల్ లేని మ్యాచ్ ఇచ్చినా, గెలిచిన జట్టు తర్వాతి రౌండ్‌లో ఆయన పిల్లలతోనే ఆడొచ్చు. అందుకే పీఈటీలకు తమ స్కూల్ లేని విభాగంలో, వీలైతే వేరే డివిజన్‌లో డ్యూటీ వేయాలి. రెండోది కోర్సు, ఏటా రూల్స్ తాజా చేసుకోవడం. అది చేసిన పీఈటీ చాలామంది మాజీ ఆటగాళ్లకన్నా మంచి రిఫరీ అవుతారు, ఎందుకంటే పిల్లలతో మాట్లాడటం ఆయనకు రోజూ చేసే పనే.

అపోహ: రూల్స్ ఏమీ మారలేదు, మేం ఆడినప్పుడున్నవే.

స్కూల్ గ్రౌండ్లలో గొడవల్లో పెద్ద వాటా దీనిదే. ఫుట్‌బాల్ నియమాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఐఫాబ్ ప్రచురించే ఆట నియమాలు మొత్తం 17. వాటిలో మార్పులు సాధారణంగా ఏటా జులై 1 నుంచి అమల్లోకి వస్తాయి. పదేళ్ల కింద కోర్సు చేసి తర్వాత పుస్తకం తెరవని వ్యక్తి ఇవాళ ఒక్క మ్యాచ్‌లోనే ఇన్ని చోట్ల తప్పు చేయొచ్చు:

కిక్‌ఆఫ్‌లో బాల్ ముందుకే వెళ్లాలన్నది పాత మాట. 2016 నుంచి ఎటైనా తన్నొచ్చు. గోల్‌కిక్ పెనాల్టీ ఏరియా దాటాల్సిన పనిలేదు. 2019 నుంచి తన్ని స్పష్టంగా కదిలితే చాలు, ఆట మొదలైనట్టే. ఆగిన ఆటను మళ్లీ మొదలుపెట్టే డ్రాప్‌బాల్‌కు ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి మధ్యలో వేయడం కూడా 2019తో పోయింది. ఇప్పుడు ఒక జట్టు ఆటగాడికే వదులుతారు, మిగతా అందరూ కనీసం 4 మీటర్ల దూరంలో ఉండాలి. ఫ్రీకిక్‌కు అడ్డంగా ముగ్గురు లేదా ఎక్కువ మంది గోడ కడితే ఎదుటి జట్టువాళ్లు ఆ గోడకు మీటరు దూరంలో ఉండాలి. గోల్‌కీపర్ బాల్ చేతిలో పట్టుకుని 8 సెకన్లు దాటితే 2025-26 నుంచి అవతలి జట్టుకు కార్నర్ కిక్. చివరి 5 సెకన్లను రిఫరీ చేయి పైకెత్తి వేళ్లతో చూపించాలి.

వీటికన్నా ఎక్కువగా నలిగేది "చివరి డిఫెండర్ ఫౌల్ చేశాడు, రెడ్ ఇవ్వాల్సిందే" అనే వాదన. నియమంలో "చివరి డిఫెండర్" అన్న మాటే లేదు. స్పష్టమైన గోల్ అవకాశం పోయిందా అన్నదే చూస్తారు: గోల్‌కు ఎంత దూరం, ఆట ఏ దిశలో సాగుతోంది, బాల్ అందే అవకాశం ఎంత, డిఫెండర్లు ఎక్కడెక్కడ, ఎంతమంది ఉన్నారు. పెనాల్టీ ఏరియాలో బాల్ కోసమే ప్రయత్నించి ఫౌల్ చేస్తే పెనాల్టీతో పాటు ఎల్లో కార్డే వస్తుంది. లాగినా, పట్టుకున్నా, తోసినా, బాల్ అందే అవకాశమే లేకపోయినా రెడ్. ఈ తేడా తెలియని రిఫరీ పద్నాలుగేళ్ల పిల్లాడిని అన్యాయంగా బయటికి పంపుతాడు, ఆ జట్టు పదిమందితో ఆడి ఓడిపోతుంది. హ్యాండ్‌బాల్ కూడా అంతే. చేతికి తగిలిన ప్రతిదీ ఫౌల్ కాదు. కావాలని ఆడాడా, చేయి శరీరాన్ని అసహజంగా పెద్దది చేసిందా, తన చేతికి తగిలి నేరుగా గోల్ పడిందా లేక తగిలిన వెంటనే తనే గోల్ వేశాడా, ఇవే ప్రశ్నలు.

నిర్వాహకులు చేయగలిగిన పని చిన్నది. పోటీకి ముందు రోజు సాయంత్రం కోచ్‌లు, రిఫరీలు కలిసి 30 నిమిషాలు కూర్చుని, ఈ ఏడాది మార్పులు, ఆ టోర్నీ సొంత నిబంధనలు చదువుకోవాలి. ఎన్ని నిమిషాల ఆట, ఎన్ని సబ్‌స్టిట్యూషన్లు, బయటికి వెళ్లినవాడు మళ్లీ రావొచ్చా, డ్రా అయితే ఏం చేస్తారు. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

అపోహ: రెండు రోజుల టోర్నీకి నలుగురు రిఫరీలు చాలు.

లెక్క వేసి చూడండి. 16 జట్ల నాకౌట్ అంటే 15 మ్యాచ్‌లు. మొదటి రోజే 12 (తొలి రౌండ్ 8, క్వార్టర్స్ 4), రెండు గ్రౌండ్లలో ఆరేసి. 25 నిమిషాల హాఫ్‌లు రెండు, మధ్యలో 5 నిమిషాలు, మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య 10 నిమిషాలు అనుకుంటే ఒక్కో మ్యాచ్‌కు 65 నిమిషాలు. ఉదయం 8 గంటలకు మొదలుపెడితే, ఆలస్యాలేమీ లేకుండానే మధ్యాహ్నం రెండున్నర అవుతుంది.

ఒక్కో మ్యాచ్‌కు సెంటర్ రిఫరీ, ఇద్దరు అసిస్టెంట్లు. ఒక గ్రౌండ్‌లో ఆరు మ్యాచ్‌లకు 18 డ్యూటీలు. ఎండలో ఒక మనిషి రోజుకు నాలుగు డ్యూటీలకు, అందులో సెంటర్ రెండుసార్లకు మించి చేయకూడదు. అంటే గ్రౌండ్‌కు ఐదుగురు, వాళ్లలో కనీసం ముగ్గురు సెంటర్ చేయగలిగినవాళ్లు. రెండు గ్రౌండ్లకు పదిమంది. నలుగురిని పిలిస్తే ఏమవుతుందో అందరూ చూస్తూనే ఉన్నారు: నాలుగో మ్యాచ్ నుంచి రిఫరీ మధ్య గీత దగ్గరే నిలబడి విజిల్ వేస్తాడు. బాల్‌కు 40 మీటర్ల దూరం నుంచి ఇచ్చిన పెనాల్టీని, అది సరైనదే అయినా, ఎవరూ నమ్మరు.

ఒక్క రిఫరీయే దొరికిన రోజు కూడా పద్ధతి ఉంది. రెండు జట్ల నుంచి ఒక్కొక్కరిని లైన్ మీద పెట్టి, బాల్ బయటికి వెళ్లిందో లేదో మాత్రమే చూపించమనాలి. ఆఫ్‌సైడ్, ఫౌల్ వాళ్లకు వదలకూడదు. ఈ మాట ఇద్దరు కెప్టెన్ల ముందు చెప్పి మొదలుపెట్టాలి. అమెరికా హైస్కూల్ సాకర్‌లో ఇద్దరు రిఫరీలు చెరో వైపు విజిల్‌తో ఆట నడిపే పద్ధతి ఉంది. ఐఫాబ్ నియమాల్లో అది లేదు. మన పోటీల్లో ఇద్దరే ఉంటే ఒకరు సెంటర్, ఒకరు లైన్, రెండో లైన్‌కు స్కూల్ నుంచి సహాయకుడు.

ఇక విజిల్ వేయకముందే రిఫరీకి అరగంట పని ఉంటుంది. గోల్‌పోస్ట్‌లు నేలకు గట్టిగా బిగించి ఉన్నాయా అన్నది అన్నిటికన్నా ముందు చూడాలి. జరిపే పోస్ట్‌లకు వెనక బరువులో మేకులో లేకపోతే ఆట మొదలుపెట్టకూడదు. పిల్లలు క్రాస్‌బార్‌కు వేలాడితే అది ముందుకు పడి ప్రాణం తీయగలదు. కార్నర్ జెండా కర్రలు కనీసం 1.5 మీటర్లు, పైన మొన తేలకూడదు. 5వ సైజు బాల్ 68 నుంచి 70 సెంటీమీటర్ల చుట్టుకొలత, 410 నుంచి 450 గ్రాముల బరువు. షిన్‌గార్డులు అందరికీ ఉండాలి. చెవికమ్మలు, కడియాలు, దారాలు తీసేయాలి, టేపు చుట్టి ఆడతామంటే ఒప్పుకోకూడదు. ఏ జట్టులోనైనా ఏడుగురికన్నా తక్కువ ఉంటే మ్యాచ్ మొదలవదు. ఎండ ఎక్కువగా ఉంటే ప్రతి హాఫ్‌లో 90 సెకన్ల నుంచి 3 నిమిషాల కూలింగ్ బ్రేక్ ఇవ్వొచ్చు, అది ముందే చెప్పి ఉంచాలి. ఈ అరగంట పనికి ఓపిక మిగలాలన్నా మనుషులు సరిపడా ఉండాలి.

అపోహ: గట్టు మీద నుంచి అరవడం ఆటలో భాగం, రిఫరీ ఓర్చుకోవాలి.

ఓర్చుకోనక్కర్లేదు, నియమాలే ఆ మాట చెబుతున్నాయి. 2019 నుంచి కోచ్‌కు, మేనేజర్‌కు కూడా ఎల్లో, రెడ్ చూపించొచ్చు. బెంచ్ నుంచి బూతు మాట వచ్చి ఎవరన్నారో తేలకపోతే ఆ కార్డు అక్కడున్న సీనియర్ కోచ్‌కే పడుతుంది. కెప్టెన్ ఒక్కరే రిఫరీతో మాట్లాడాలన్న మార్గదర్శకాన్ని కూడా 2024లో ఐఫాబ్ తెచ్చింది. పిల్లల పోటీలకు ఇది బాగా సరిపోతుంది. టాస్ దగ్గరే ఆ మాట చెప్పేయాలి.

ప్రేక్షకులకు కార్డు చూపించలేం. కానీ ఆట ఆపే అధికారం రిఫరీదే. క్రమం ఇలా: ఆట ఆపి, నిర్వాహకుణ్ని పిలిచి, ఫలానా వ్యక్తిని శాంతింపజేయమని అడగాలి. తగ్గకపోతే జట్లను బెంచీల దగ్గరికి పంపి, ఆ వ్యక్తి గ్రౌండ్ వదిలేదాకా ఆగాలి. అప్పటికీ కాకపోతే మ్యాచ్ వదిలేసి రిపోర్టు రాయాలి. రిఫరీ స్వయంగా గట్టు దగ్గరికి వెళ్లి తల్లిదండ్రులతో వాదించకూడదు, అక్కడే పరిస్థితి చేయి దాటుతుంది. నిర్వాహకులు ఒక తాడు కట్టి, బెంచీలు ఒక వైపు, తల్లిదండ్రులు ఎదురు వైపు ఉండేలా చూస్తే సగం వేడి తగ్గుతుంది.

గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి: ఆ రిఫరీ చాలాసార్లు ఇంటరో డిగ్రీయో చదువుతున్న కుర్రాడే. పద్దెనిమిది నిండనివాళ్లను ఎప్పుడూ ఒంటరిగా డ్యూటీకి పంపొద్దు.

అపోహ: ఫోన్‌లో వీడియో ఉంది, చూసి మార్చొచ్చు.

మార్చకూడదు. వీడియో చూసి నిర్ణయం మార్చాలంటే దానికి ఆమోదం ఉన్న ఏర్పాటు ఉండాలి. ఎవరో తీసిన ఫోన్ క్లిప్‌కు ఆ హోదా లేదు. పైగా ఆట తిరిగి మొదలయ్యాక, తప్పని రిఫరీకే తెలిసినా, ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. క్లిప్‌లను సీజన్ తర్వాత శిక్షణకు వాడుకుంటే మేలు.

అపోహ: మహిళా రిఫరీలు బాలికల మ్యాచ్‌లకే.

2022 డిసెంబర్ 1న కోస్టారికా, జర్మనీ పురుషుల ప్రపంచకప్ మ్యాచ్‌కు ఫ్రాన్స్‌కు చెందిన స్టెఫానీ ఫ్రపార్ సెంటర్ రిఫరీగా ఉన్నారు. ఇద్దరు అసిస్టెంట్లూ మహిళలే. మన జిల్లాల్లో అమ్మాయిలు మానేయడానికి కారణాలు గ్రౌండ్ బయట ఉన్నాయి: బట్టలు మార్చుకునే గది, శుభ్రమైన టాయిలెట్, చీకటి పడకముందే ఇంటికి చేరే ఏర్పాటు. ఈ మూడూ చూసి, ఒక్కరిని కాకుండా ఇద్దరిని కలిపి డ్యూటీ వేస్తే నిలబడతారు.

అపోహ: రిఫరీ కావాలంటే పెద్ద ఆటగాడై ఉండాలి, ఫిట్‌నెస్ టెస్టులు దాటలేం.

జనం భయపడేది ఫిఫా స్థాయి పరీక్షను చూసి: పురుషులకు 40 మీటర్ల స్ప్రింట్లు ఆరు, ఒక్కోటి 6 సెకన్లలోపు, తర్వాత 75 మీటర్లు 15 సెకన్లలో పరుగు, 25 మీటర్లు 18 సెకన్లలో నడక, ఇలా 40 సార్లు. అండర్-14 మ్యాచ్‌కు అది అక్కర్లేదు. ఆగుతూ పరుగెత్తుతూ 50 నిమిషాలు బాల్‌కు 15, 20 మీటర్ల దూరంలో ఉండగలిగితే చాలు. వారానికి మూడు రోజులు అరగంట సాధన చేస్తే ఆరోగ్యంగా ఉన్న ఎవరికైనా వస్తుంది.

అపోహ: డబ్బులు పెంచితే కొరత తీరిపోతుంది.

ఫీజు పెరగాలి, అనుమానం లేదు. కానీ మొత్తం ఎంతన్నదానికన్నా ఎప్పుడు ఇస్తారన్నది ఎక్కువమందిని మాన్పిస్తోంది. బిల్లు పాసవ్వాలి అంటూ నెలలు తిప్పితే బస్ చార్జీలు కూడా చేతి నుంచే పెట్టుకున్న విద్యార్థి మళ్లీ రాడు. ఫీజు, ప్రయాణ ఖర్చు, భోజనం వేర్వేరుగా రాసి, డ్యూటీ లెటర్‌తో పాటు వారం ముందే పంపాలి. చివరి మ్యాచ్ అయిన సాయంత్రమే యూపీఐలో వేసేయాలి. టోర్నీ బడ్జెట్‌లో ట్రోఫీలు, బ్యానర్లకన్నా ముందు రాయాల్సిన పద్దు ఇది.

ఆ సాయంత్రమే రిపోర్టు కూడా తీసుకోవాలి. ఎవరు, ఎన్నో నిమిషం, ఏం చేశారు, ఏ కార్డు: అంతవరకే, అభిప్రాయాలు లేకుండా. "నంబర్ 7, 38వ నిమిషం, బాల్ దూరంగా ఉండగా ప్రత్యర్థిని చేత్తో కొట్టాడు, రెడ్" అని రాస్తే క్రమశిక్షణ కమిటీ పని చేయగలదు. "చాలా దురుసుగా ప్రవర్తించాడు" అని రాస్తే ఏమీ చేయలేదు. కోచ్ మీద వచ్చిన రిపోర్టుకు ఏం చర్య తీసుకున్నారో ఆ రిఫరీకి వారంలోగా రాతపూర్వకంగా చెప్పాలి.