కలుపుగోలుతనం: నేను బోర్డు మీద రాసినవి, కొట్లో చూసినవి (అపోహలు - వాస్తవాలు)

హనుమకొండలో పదిహేనేళ్లుగా డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలకు ఇంటర్వ్యూ క్లాసులు చెప్తున్నాను. పెళ్లిళ్ల సీజన్ ముందు బట్టల షాపులవాళ్లు కూడా కొత్తగా చేరిన పిల్లలకు ట్రైనింగ్ ఇవ్వమని పిలుస్తుంటారు. ఎవరైనా అడిగేది ఒకటే: "సార్, నలుగురిని ఆకట్టుకోవాలంటే ఏం చెయ్యాలె?" దీని మీద ఉన్న అపోహల్లో కొన్నింటిని ప్రచారం చేసింది నేనే కాబట్టి, దిద్దాల్సిందీ నేనే.

అపోహ: మాటల విలువ 7 శాతమే. మిగతా 93 శాతం గొంతు, ముఖకవళికలు.

వాస్తవం: ఈ లెక్క ఎన్ని బ్యాచులకు రాశానో! ఇది ఆల్బర్ట్ మెహ్రేబియన్ అనే మనస్తత్వవేత్త 1967 నాటి ప్రయోగాల నుంచి వచ్చింది. మాట ఒకటి, గొంతు ఇంకొకటి చెప్తున్నప్పుడు, ఎదుటివాడికి మన మీద ఇష్టం ఉందో లేదో దేన్నిబట్టి పోల్చుకుంటాం అన్నదే అక్కడ చూశారు. మొత్తం సంభాషణకు దాన్ని అంటగట్టొద్దని ఆయనే చెప్పాడు. ఆ లెక్కే నిజమైతే కొరియా సినిమా సబ్‌టైటిల్స్ లేకుండానే 93 శాతం అర్థం కావాలి.

అపోహ: ఎప్పుడూ నవ్వు ముఖంతో ఉండాలి.

వాస్తవం: మన లక్నేపల్లిలో పుట్టిన పీవీ గారి మూతిముడుపు కార్టూనిస్టులకు పండగ. ఆ ముఖంతోనే ఆయన 1991లో మెజారిటీ లేని ప్రభుత్వాన్ని మొదలుపెట్టి అయిదేళ్లూ నడిపారు.

అపోహ: బాగా మాట్లాడేవాడే ఆకట్టుకుంటాడు.

వాస్తవం: ఒక చీరల షాపులో నేను ట్రైనింగ్ ఇచ్చిన వారం తర్వాత సంగతి. భుజం మీద తువ్వాలతో ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. నా శిష్యుడు నిటారుగా నిలబడి, నేను నేర్పినట్టే "గుడ్ ఆఫ్టర్నూన్ సర్, వెల్‌కమ్" అన్నాడు. పెద్దాయన తన చెప్పుల వైపు చూసుకుని, తప్పు చోటికి వచ్చినట్టు వెనక్కి తిరిగాడు. అప్పుడు పరుపు మీద కూర్చున్న పాత సేల్స్‌మన్ తువ్వాలకు అంటిన ఎర్ర పొడిని చూసి, "రా కాక, కూసో. మార్కెట్ కెళ్లేనా? మిర్చి తెచ్చినవా?" అన్నాడు.

"ఆఁ, తెచ్చిన."

"తేజనా, చపాటనా?"

"చపాట."

"తాలు మస్తు తీసిన్రా?" (తాలు అంటే పక్కకు తీసేసే నాసిరకం కాయలు.)

అంతే. పెద్దాయన కూర్చుని, ఏనుమాముల మార్కెట్ యార్డులో తన బస్తాలకు జరిగిందంతా చెప్పుకొచ్చాడు. బిడ్డకు ఒక చీర అనుకుని వచ్చినాయన, ఇంటామెకు కూడా ఇంకొకటి కట్టించుకుని పోయాడు. సేల్స్‌మన్ మాట్లాడింది నాలుగు ముక్కలు. మూడో ప్రశ్న రెండో జవాబులోంచి పుట్టింది, కిటుకంతా అక్కడే ఉంది. అవతలివాడు చెప్పినదాన్ని పట్టుకుని మళ్లీ ప్రశ్న అడిగేవాళ్లంటే జనానికి ఎక్కువ ఇష్టం కలుగుతుందని 2017లో హార్వర్డ్ పరిశోధకులు కూడా తేల్చారు. మా దగ్గర 'మందలించడం' అంటే తిట్టడం కాదు, పలకరించి బాగోగులు అడగడం. ఇంట్లో మా నాయనమ్మ రోజూ చేసిన పనిని పక్కనబెట్టి, పిల్లలకు నేను షేక్‌హ్యాండ్ నేర్పుతూ కూర్చున్నాను.

అపోహ: నలుగురిని ఆకట్టుకునే గుణం పుట్టుకతో రావాల్సిందే.

వాస్తవం: కాదు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ యూనివర్సిటీకి చెందిన జాన్ ఆంటొనాకిస్ బృందం మేనేజర్లకు ఉపమానాలు, కథలు, ప్రశ్నలతో మాట్లాడటం నేర్పితే, వాళ్ల ఆకట్టుకునే గుణానికి చూసేవాళ్లు వేసే మార్కులు పెరిగాయి. 2011లో ఆ ఫలితాలు వచ్చాయి. మన ఒగ్గు కథ చెప్పేవాళ్లను అడిగినా ఇదే చెప్పేవారు.

అపోహ: ఇంత మంచిగా మాట్లాడేవాడు మోసం చేస్తాడా?

వాస్తవం: ఒక్క మంచి గుణం కనబడితే మిగతావన్నీ మనమే ఊహించుకుంటాం. సైనికులకు అధికారులు వేసిన మార్కుల్లో థార్న్‌డైక్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1920లోనే దీన్ని పట్టుకున్నాడు. పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పిన నాకే ఇది తర్వాత అనుభవంలోకి వచ్చింది. మా కాలనీలో ఒకాయన చిట్టీ నడిపేవాడు. ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారో, మా అమ్మకు ఏ మోకాలు నొప్పో ఆయనకు తెలుసు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీకి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కాగితం చూపించమని అడుగుదామని మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ చాయ్ ఇప్పించి, "అమ్మ మోకాలు ఎట్లుంది తమ్మీ?" అన్నాడు. అడగలేకపోయాను. నాలుగోసారి వెళ్లేసరికి ఇంటికి తాళం వేసి ఉంది.