4 నోట్రంప్ ఎందుకు పుట్టింది? బ్రిడ్జ్‌లో స్లామ్ వేట వెనక కథ

నలుగురు రెండు జంటలుగా ఆడే పేకాట బ్రిడ్జ్‌లో 12 ట్రిక్కులు (పట్లు) గెలిస్తే స్మాల్ స్లామ్, మొత్తం 13 గెలిస్తే గ్రాండ్ స్లామ్. అయితే ఊరికే గెలిస్తే బోనస్ రాదు, ఇన్ని గెలుస్తామని వేలంలో ముందే పాడి మరీ గెలవాలి. ఈ ఒక్క షరతు లేకపోతే ఆటగాళ్ళకి ఇన్ని కన్వెన్షన్లు (జంట ముందే ఒప్పుకున్న పాటల అర్థాలు) బట్టీ పట్టే పని తప్పేది.

పాత ఆక్షన్ బ్రిడ్జ్‌లో పాడినా పాడకపోయినా స్లామ్ బోనస్ ఇచ్చేవారు. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికన్ శ్రీమంతుడు ఓడలో పనామా కాలువ మీదుగా వెళ్తూ, తోటి ప్రయాణికులతో కొత్త స్కోరింగ్ ఆడి చూశాడు. కాంట్రాక్ట్ బ్రిడ్జ్ అలా స్థిరపడింది.

ఇప్పటి లెక్క చూడండి. వల్నరబుల్ జంట (బోనస్‌లూ జరిమానాలూ ఎక్కువుండే స్థితిలోనిది) 4 ఇస్పేట్ల దగ్గర, అంటే ఇస్పేట్లు తురుపుగా 6 మీద 4, మొత్తం 10 ట్రిక్కుల పాట దగ్గర ఆగి 12 ట్రిక్కులు చేస్తే 680. 6 పాడి అవే 12 చేస్తే 1430, అంటే 750 లాభం. 6 పాడి ఒకటి తగ్గితే మైనస్ 100. అదే 11 ట్రిక్కులకి 4 దగ్గర ఆగితే 650 వచ్చేది కాబట్టి నష్టమూ 750. గెలిచే అవకాశం సగానికి మించితే పాడాలి, లేకపోతే ఆగాలి. ఆ సగం ఎక్కడుందో తెలిసేదెలా?

1930లలో బ్రిడ్జ్ నిపుణుడు ఈలీ కల్బర్ట్‌సన్ తన 4-5 నోట్రంప్ పద్ధతి తెచ్చాడు. అందులో 4 నోట్రంప్ (తురుపు లేకుండా 10 ట్రిక్కులనే పాట) పాడాలంటే చేతిలో మూడు ఆసులో, రెండు ఆసులతో పాటు తమ జంట పాడిన రంగులో రాజో ఉండి తీరాలి. ఇండియానాపొలిస్‌లో ఇన్సూరెన్స్ పని చేసే ఈజ్లీ బ్లాక్‌వుడ్‌కి ఇదంతా గందరగోళం అనిపించింది. 1933 ప్రాంతంలో ఆయన దాన్ని సూటి ప్రశ్నగా మార్చేశాడు: నీ దగ్గర ఆసులెన్ని? జవాబూ పాటలోనే: ఒక్కటీ లేకపోతే 5 కళావర్లు, ఒకటుంటే 5 డైమన్లు, రెండైతే 5 ఆఠీన్లు, మూడైతే 5 ఇస్పేట్లు. కల్బర్ట్‌సన్ పత్రిక మొదట దీన్ని వేసుకోలేదు. అయినా ఆటగాళ్ళు ఊరుకుంటారా? ప్రపంచమంతా పాకింది.

పాకడమే చిక్కయింది. బ్లాక్‌వుడ్ నిజానికి బ్రేకు లాంటిది. రెండు ఆసులు తక్కువైన స్లామ్‌లోకి పోకుండా ఆపడం దాని పని. చాలామంది దాన్ని యాక్సిలరేటర్‌లా తొక్కుతారు. ఇస్పేట్లు తురుపు, నా డైమన్లు 8, 4 మాత్రమే, ఇస్పేటు ఆసూ కళావరు ఆసూ నా దగ్గరే ఉన్నాయనుకోండి. 4 నోట్రంప్ అడిగాను, పార్ట్‌నర్ ఒక ఆసు చూపించాడు. అది ఆఠీను ఆసైతే ఎదుటివాళ్ళు డైమన్ ఆసు, రాజు వరసగా కొట్టి నన్ను పడగొట్టొచ్చు. అంకె తెలిసింది గానీ, కావలసిన సంగతి తెలియలేదు.

దీనికి మెరుగైన జవాబు ఇటలీ నుంచి వచ్చింది. 1957 నుంచి 1969 లోపు పదిసార్లు ప్రపంచ టీమ్ చాంపియన్‌షిప్ అయిన బెర్ముడా బౌల్ గెలిచిన బ్లూ టీమ్ క్యూ బిడ్లను (ఫలానా రంగులో పట్టుందని చెప్పే పాటలను) మార్చేసింది. ఆసా, రాజా, సింగిల్టనా (ఆ రంగులో ఒకే ముక్కా), అసలు ముక్కే లేదా అన్న తేడా లేకుండా, కంట్రోల్ (ఎదుటివాళ్ళని వరసగా రెండు ట్రిక్కులు కొట్టనీయని పట్టు) ఉన్న రంగుల్లో అన్నిటికన్నా కింది రంగు పాడతారు. కింది నుంచి పైకి వరస కళావర్లు, డైమన్లు, ఆఠీన్లు, ఇస్పేట్లు. ఇస్పేట్లు ఖాయమయ్యాక నేను 4 కళావర్లు అంటే, పార్ట్‌నర్ డైమన్లు దాటేసి 4 ఆఠీన్లు అన్నాడు. అంటే డైమన్లలో వాడి దగ్గరా ఏమీ లేదు. 4 ఇస్పేట్లు పాడి హాయిగా ఆగిపోతాను.

ఆ తర్వాత తురుపు రాజునూ ఐదో ఆసుగా లెక్కేసి, తురుపు రాణినీ చెప్పే కీకార్డ్ బ్లాక్‌వుడ్ వచ్చింది. ఒక ఆసూ తురుపు రాజూ రెండూ లేని స్లామ్ మహా అయితే బొమ్మా బొరుసే కాబట్టి ఇది న్యాయమైన సవరణ. దీంట్లో అమెరికన్ ఆటగాడు ఎడ్డీ కాంటర్ ప్రచారం చేసిన రకానికి పేరు ‘1430’. పైన చెప్పిన స్కోరూ అదే. అందులో 5 కళావర్లు అంటే ఒకటి లేదా నాలుగు కీకార్డులు (ఆసులూ తురుపు రాజూ), 5 డైమన్లంటే సున్నా లేదా మూడు.

ఎదుటివాళ్ళు నోరు మూసుకోనప్పుడు అసలు టెన్షన్. 4 నోట్రంప్ మీద వాళ్ళు 5 డైమన్లు పాడితే మన జవాబుల మెట్లన్నీ గల్లంతు. ‘డోపి’ అందుకే పుట్టింది: డబుల్ (వాళ్ళ పాట మీద పందెం రెట్టింపు) అంటే సున్నా, పాస్ అంటే ఒకటి, ఆపై మెట్టు రెండు. వాళ్ళు మన తురుపులో 5 పాటను కూడా దాటేస్తే చాలామంది ‘డెపో’కి మారతారు: డబుల్ సరిసంఖ్య, పాస్ బేసి. 4 నోట్రంప్‌కి ముందే వాళ్ళు 4 ఇస్పేట్లకి ఎగిరితే, ఆ తర్వాత మన 4 నోట్రంప్ ఆసుల ప్రశ్నా, లేక రెండు రంగులున్నాయని చెప్పడమా? ఆటకి ముందే మాట్లాడుకోని జంటలు ఇక్కడే బోల్తా పడతాయి.

టోర్నమెంట్లలో తగువులు మాత్రం ఎక్కువగా ఆలస్యం మీదే. అడిగినవాడు జవాబు విని చాలాసేపు ఆలోచించి 5 ఇస్పేట్లు పాడతాడు, పార్ట్‌నర్ 6కి లాగుతాడు. ఆ ఆలోచన నుంచే వాడికి సంకేతం అందిందని ప్రత్యర్థులు డైరెక్టర్‌ని (టోర్నమెంట్ న్యాయనిర్ణేతని) పిలుస్తారు. జవాబు ‘సున్నా లేదా మూడు’ అయి, నిజంగా మూడుంటే లాగడం సాధారణంగా సబబే. అలాంటి కారణం లేకుండా, పాస్ కూడా సహేతుకమైన చోట లాగితే అలాంటి సంకేతాల్ని వాడుకోకూడదనే 16వ నిబంధన ప్రకారం సరిదిద్దుతారు. 12 ట్రిక్కులూ వచ్చినా స్కోరు షీట్ మీద 5 ఇస్పేట్లు, ఒకటి ఎక్కువ అనే రాస్తారు.