‘ఙ’తో మొదలయ్యే నువ్వు

చిన్నప్పుడు మేం ‘క భాష’ మాట్లాడుకునేవాళ్ళం. ప్రతి అక్షరం ముందూ ఒక ‘క’ తగిలిస్తే చాలు. ‘బడికి పోదామా’ అనాలంటే ‘కబకడికకి కపోకదాకమా’. గబగబా అంటే పెద్దవాళ్ళకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కొత్త భాషే కనిపెట్టేశామన్నంత సంబరం మాకు. చాలా ఏళ్ళ తర్వాత, భాషల్ని పనిగట్టుకుని తయారుచేసేవాళ్ళ గురించి చదువుతుంటే అర్థమైంది, మేం కనిపెట్టింది భాష కాదని. ఆ ‘క’లన్నీ తీసేస్తే మిగిలేది తెలుగే. మాటల వరుస తెలుగుదే, ‘కి’ విభక్తి తెలుగుదే, చివరి దీర్ఘంతో ప్రశ్న అడగడం కూడా తెలుగు పద్ధతే.

కథ కోసమో సినిమా కోసమో కొత్త భాష కట్టాలని కూర్చునేవాళ్ళు చాలామంది మొదట చేసే పొరపాటూ ఇదే. తమ భాషలో ఉన్న మాటలన్నిటికీ వింతగా వినిపించే మాటలు పక్కన రాసుకుంటూ పోతారు. అలా వెయ్యి మాటలు రాసినా భాష రాదు. ‘ఈ శబ్దం మా నోట పలకదు’, ‘ఈ సంగతి చెప్పకుండా మా దగ్గర వాక్యం పూర్తికాదు’ అని పట్టుబట్టే చోట భాష మొదలవుతుంది. నా మటుకు నాకు, కల్పిత భాషల్లో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఈ మొండితనమే.

మన భాష మొండితనం మనకు కనబడాలంటే బయటి మాటల్ని అదేం చేస్తుందో చూడాలి. ‘బస్’ వచ్చింది, ‘బస్సు’ అయింది. ‘రోడ్’ రోడ్డు అయింది, ‘కార్’ కారు అయింది. ఏ సంఘమూ కూర్చుని ఈ తీర్మానం చెయ్యలేదు. మాట అచ్చుతో ముగియాలని తెలుగు నోటికి ఉన్న అలవాటు తన పని తాను చేసుకుపోయింది. అలాగే అచ్చ తెలుగు మాటల్లో ఖ, ఘ, ఛ, ఝ లాంటి ఒత్తక్షరాలు వెతికినా దొరకవు. అవి సంస్కృతంతో వచ్చినవి. కొత్త భాష కట్టేవాళ్ళు ముందుగా తేల్చుకోవాల్సింది ఇలాంటివే: ఏ శబ్దాలు ఉంటాయి, ఏవి ఉండవు, ఉన్నవి మాటలో ఎక్కడెక్కడ రావచ్చు.

దీన్ని బాగా ఆలోచించి చేసిన మనిషి మార్క్ ఓక్రాండ్. కాలిఫోర్నియా స్థానిక తెగల భాషల్లో ఒకటైన మత్సన్ వ్యాకరణం మీద పీహెచ్‌డీ చేసిన భాషా శాస్త్రవేత్త. 1984లో వచ్చిన మూడో ‘స్టార్ ట్రెక్’ సినిమా కోసం క్లింగాన్ అనే గ్రహాంతర జాతికి ఆయన భాష తయారుచేశాడు. ఆయన ముందు ఒక చిక్కు ఉంది. గ్రహాంతరవాసుల భాషలా వినిపించాలి, కానీ పలకాల్సింది మనుషులే. అంటే శబ్దాలన్నీ మనిషి నోట వచ్చేవే అయివుండాలి. మరి వింత ఎక్కడి నుంచి తేవాలి?

ఆయన ఎంచుకున్న దారి మన వర్గాక్షరాలు తెలిసినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. క చ ట త ప అని ఐదు వరుసలు, ప్రతి వరుసలో ఐదు అక్షరాలు. నాలుక ఎక్కడ తగులుతుందో, గొంతు మోగుతుందో లేదో చూసి గళ్ళు గీసినట్టు పేర్చిన పట్టిక అది. లోకంలో చాలా భాషల శబ్దాలు కాస్త అటూ ఇటూగా ఇలాంటి పొందిక చూపిస్తాయి. ఓక్రాండ్ ఆ పొందికనే చెడగొట్టాడు. క్లింగాన్‌లో ‘ప’, ‘బ’ రెండూ ఉన్నాయి. ‘త’ లాంటి శబ్దం ఉంది, దాని జంట ‘ద’ లేదు. ‘డ’ ఉంది, ‘ట’ లేదు. ‘ష’ ఉంది, ‘స’ లేదు. ‘క’ అయితే అసలే లేదు, దాని బదులు ఇంకా లోపల, కొండనాలుక దగ్గర పలికే శబ్దాలు ఉన్నాయి. విడివిడిగా చూస్తే ప్రతి శబ్దమూ ఏదో ఒక మానవ భాషలో ఉన్నదే. ఆ ‘డ’, ‘ష’ మనం రోజూ నాలుక మడిచి పలికేవే. కానీ ఈ కలగలుపు ఎక్కడా దొరకదు. ‘క’ లేని భాష కాబట్టి ‘క్లింగాన్’ అన్న పేరు కూడా వాళ్ళ నోట పలకదు. తమ జాతిని వాళ్ళు దాదాపు ‘త్లిఙన్’ అంటారు. ఆ మొదటి శబ్దానికి మన లిపిలో సరైన అక్షరం లేదు. ‘త’కి పెట్టినట్టు నాలుక పెట్టి, గాలిని నాలుక పక్కల నుంచి వదలాలి.

పాల్ ఫ్రోమర్ దారి దీనికి సరిగ్గా ఎదురు. 2009లో వచ్చిన ‘అవతార్’ సినిమాలో నావి అనే గ్రహాంతర జాతి కోసం ఆయన నావి భాష కట్టాడు. ఇక్కడో విషయం చెప్పాలి. ఇద్దరికీ ఖాళీ పలక దొరకలేదు. 1979 నాటి మొదటి ‘స్టార్ ట్రెక్’ సినిమాలో ఒక నటుడు సమకూర్చిన నాలుగైదు క్లింగాన్ డైలాగులు అప్పటికే ఉన్నాయి, ఓక్రాండ్ వాటికి లోబడాల్సి వచ్చింది. ఫ్రోమర్‌కి దర్శకుడు జేమ్స్ కామెరాన్ అప్పటికే పెట్టుకున్న ఓ ముప్ఫై మాటలు, పేర్లు ఇచ్చాడు. వాటి రుచి పట్టుకుని ఫ్రోమర్ మూడు రకాల శబ్ద నమూనాలు వినిపించాడు. ఒకదాంట్లో స్వరం ఎత్తు మారితే అర్థం మారుతుంది. ఇంకోదాంట్లో హ్రస్వ దీర్ఘాల తేడా. మూడోదాంట్లో గొంతు మూసి, ఊపిరితిత్తుల గాలి వాడకుండా, నోట్లో ఉన్న గాలినే టప్పున పేల్చే హల్లులు. కామెరాన్ మూడోదాన్ని ఎంచుకున్నాడు. ఈ పేలే హల్లులు ఇథియోపియాలోని అమ్హారిక్‌లో, జార్జియన్‌లో, ఆండీస్ పర్వతాల్లోని కెచువాలో ఉన్నాయి. మీరూ ప్రయత్నించవచ్చు: ఊపిరి బిగబట్టి, అది వదలకుండానే ‘క్’ అనండి. గొంతులోంచి కాకుండా నోట్లోంచి చిన్న టపాకాయలా వినిపిస్తే అదే.

ఫ్రోమర్ పట్టిక నీటుగా ఉంటుంది. ప, త, క. వాటి పక్కనే పేలే ప, త, క. ఆ పక్కన మ, న, ఙ. బ, ద, గ మాత్రం మొత్తం వరుసే తీసేశాడు. ఓక్రాండ్ గళ్ళు చెరిపితే, ఈయన గళ్ళు ఉంచి ఒక నిలువు వరుసని తుడిచేశాడు. నావి భాష మెత్తగా వినిపించడానికి ఆ లేని బ, ద, గలు కూడా ఒక కారణమని నాకు అనిపిస్తుంది.

పైన వచ్చిన ‘ఙ’ దగ్గర నేను ఆగకుండా ఉండలేను. బడిలో క ఖ గ ఘ ఙ అని వల్లించాం. ‘రంగు’, ‘లంక’ అన్నప్పుడు సున్నా దగ్గర పలికేది ఆ శబ్దమే. కానీ ‘వాఙ్మయం’ లాంటి ఒకటి రెండు మాటల్లో తప్ప ఆ అక్షరం రాసే పనే పడదు, దానితో మొదలయ్యే మాట మనకు లేనే లేదు. నావిలో ‘నువ్వు’ అనే మాటే ‘ఙ’. ఇంకో ముచ్చట: నావిలో ‘ర’, ‘ల’ పక్కన అచ్చు లేకుండా తామే అచ్చుల్లా నిలబడగలవు. మన అక్షరమాలలో ‘ఋ’, ‘ఌ’ అని ఎందుకున్నాయో, ముఖ్యంగా ఆ రెండోది ఎందుకుందో అని చిన్నప్పుడు విసుక్కున్న నాకు, సంస్కృత వ్యాకర్తలు వాటిని అచ్చుల్లో ఎందుకు చేర్చారో నావి గురించి చదివాకే వంటబట్టింది.

తెలుగువాళ్ళకు బాగా తెలిసిన కల్పిత భాష మాత్రం ‘కిలికి’. 2015లో వచ్చిన ‘బాహుబలి’ మొదటి భాగంలో కాలకేయుల కోసం తమిళ గేయ రచయిత మదన్ కార్కీ రూపొందించాడు. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు. ‘నేను’ అంటే మిన్, ‘నువ్వు’ అంటే నిమ్. ఒకదాన్ని తిరగేస్తే రెండోది. అందులో నాలుక టక్కుమనిపించే శబ్దాలు కూడా ఉన్నాయి. అయ్యో పాపం అనుకుంటూ మనం నాలుకతో ‘ప్చ్’ మంటాం కదా, ఎద్దుల్ని అదిలించేటప్పుడు ఇంకో రకంగా టక్‌టక్‌మంటాం. మనకవి భాష బయట ఉండిపోయిన చప్పుళ్ళు. దక్షిణాఫ్రికాలోని జులూ, ఖోసా భాషల్లో అలాంటి శబ్దాలే మాటల లోపల హల్లులుగా కూర్చున్నాయి. నోరు ఒకటే. ఏది భాష, ఏది ఉత్త చప్పుడు అన్న గీత ఎక్కడ గీయాలో ఆయా భాషల ఇష్టం.

భాష మొండితనంలో శబ్దాల వంతు ‘వద్దు’ అనడమైతే, వ్యాకరణం వంతు ‘తప్పదు’ అనడం. ‘మనం సినిమాకి వెళ్తున్నాం’, ‘మేం సినిమాకి వెళ్తున్నాం’ - ఎదుటి మనిషి వస్తున్నాడా లేదా అన్నది తేల్చకుండా తెలుగులో ఈ వాక్యం చెప్పలేం. ఇంగ్లిష్ అది అడగదు, హిందీ అడగదు. నావి అడుగుతుంది. నువ్వూ నేనూ కలిసిన ‘మనం’ వేరు, నిన్ను వదిలేసిన ‘మేం’ వేరు. ఇంగ్లిష్ పాఠకులకి ఇది గ్రహాంతర లక్షణం. మనకు ఇంటి మాట. ఆ మాటకొస్తే తెలుగులో ఇంకా వింతలున్నాయి. ‘ఆమె వచ్చింది, కుక్క వచ్చింది, బస్సు వచ్చింది’ అంటాం, ‘వాడు వచ్చాడు’ అని మగవాణ్ణి మాత్రం విడదీస్తాం. బహువచనానికి వచ్చేసరికి ఆడా మగా కలిసి ‘వచ్చారు’ అవుతారు, కుక్కలూ బస్సులూ ‘వచ్చాయి’ దగ్గర మిగిలిపోతాయి. కల్పిత భాషలో ఎవరైనా ఇలా రాసుంటే, మరీ కావాలని పెట్టాడని నేనే అనేవాణ్ణి.

క్లింగాన్‌లో ఓక్రాండ్ మాటల వరుసని తలకిందులు చేశాడు. తెలుగులో కర్త, కర్మ, క్రియ. అక్కడ ముందు కర్మ, తర్వాత క్రియ, చివర కర్త. అదీ విభక్తి ఏమీ లేకుండా. ‘పిల్లవాడు చూస్తాడు అధికారి’ అంటే చూసేది అధికారి. మనం ‘పిల్లవాణ్ణి’ అని ఒక్క ‘ణ్ణి’ పెట్టుకుని మాటల్ని ఎటు కావాలంటే అటు జరుపుకుంటాం, ఆ వెసులుబాటు వాళ్ళకి లేదు. ఈ వరుస మనుషుల్లో చాలా అరుదు. బ్రెజిల్ అమెజాన్ అడవుల్లో మాట్లాడే హిష్కర్యానా భాషలో ఇది మామూలు వరుస అని 1970ల్లో డెస్మండ్ డెర్బిషైర్ రాసినప్పుడు భాషా శాస్త్రవేత్తలకి పెద్ద వార్త అయింది.

క్లింగాన్‌కి ఇంగ్లిష్‌లో ఉన్నట్టు ‘ఉండుట’ను చెప్పే క్రియ లేదు. ‘ఆయన డాక్టరు’ అని క్రియ లేకుండా ముగించే మనకి అది లోటుగా అనిపించదు. కానీ 1991లో వచ్చిన ఆరో ‘స్టార్ ట్రెక్’ సినిమాలో ఒక పాత్ర షేక్‌స్పియర్ హామ్లెట్ ప్రసిద్ధ వాక్యాన్ని క్లింగాన్‌లో చెప్పాల్సి వచ్చింది. ఉండడమా, ఉండకపోవడమా అన్న ప్రశ్న అది, ఆ క్రియే లేదాయె! ఓక్రాండ్ మొదట ‘బతకడమా, బతక్కపోవడమా’ అని రాసిచ్చాడు. ఆ మాట పలుకు నటుడికి నచ్చలేదు. అప్పుడు ‘కొనసాగడమా, కొనసాగకపోవడమా’ అనే అర్థం వచ్చేలా ‘తాహ్’ అనే మాటతో మార్చాడు. తను పెట్టుకున్న నియమాన్ని తప్పించుకోవడానికి ‘ఉండుట’ అనే క్రియని చేర్చడం ఎంతసేపు పని? చేర్చలేదు. ఆ పట్టుదల అంటే నాకు గౌరవం.

నావి వాక్యం ఒకటి విప్పి చూద్దాం. ‘ఓఎల్ ఙాతి కామెఇఎ’. నిన్ను చూస్తున్నాను అని. ‘ఓఎ’ అంటే నేను, దానికి తగిలిన ‘ల్’ కర్తకి గుర్తు. ‘ఙ’ అంటే నువ్వు, ‘తి’ మన ‘ని/ను’ లాంటిది. ఈ రెండు గుర్తులు ఉన్నాయి గనక మాటల్ని మనలాగే అటూ ఇటూ మార్చుకోవచ్చు. అయితే ఆ ‘ల్’ కర్మ ఉన్న వాక్యంలోనే వస్తుంది. ‘నేను నిద్రపోయాను’ లాంటి వాక్యంలో కర్తకి ఏ గుర్తూ ఉండదు. ఇక క్రియ ‘కామె’. కంటితో చూడ్డానికి వేరే మాట ఉంది, ఇది మనిషిని లోపలిదాకా చూడ్డం. ఆ ‘కామె’ మధ్యలోకి ‘ఎఇ’ అనే ముక్క దూరి ‘కామెఇఎ’ అయింది. మాట్లాడేవాడికి ఈ సంగతి సంతోషంగా ఉందని దాని అర్థం. మనం ప్రత్యయాలన్నీ మాట చివర తోకలా కడతాం. నావి క్రియ పొట్ట చీల్చుకుని లోపల పెట్టుకుంటుంది. వేటాడడం ‘తారోన్’ అయితే, వేటాడాడు ‘తామారోన్’, వేటాడతాడు ‘తాయారోన్’. ఫిలిప్పీన్స్‌లోని టాగలోగ్ భాషకి ఇది అలవాటే. సంతోషాన్ని క్రియలోనే కుట్టెయ్యడం మాత్రం ఎంత అందమైన ఆలోచన!

అన్నిటికీ ఇంత వింత అక్కర్లేదు. 1887లో జమెన్‌హాఫ్ అనే ఆయన ఎస్పరాంతో అనే కల్పిత భాషను ప్రచురించింది ప్రపంచంలో అందరూ తేలిగ్గా నేర్చుకోవాలని. అందుకే పదహారు సూత్రాలు, మినహాయింపులు లేవు. నామవాచకాలన్నీ ‘ఓ’తో, విశేషణాలన్నీ ‘ఆ’తో ముగుస్తాయి. దాని పనికి అదే సరి. కానీ వేల ఏళ్ళుగా మనుషులు మాట్లాడుతూ వచ్చిన భాషలా అనిపించాలంటే మినహాయింపులు కావాలి, అవి ఊరికే చల్లితే కుదరదు. ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లిష్ బోధించిన, ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కీన్ దీన్ని బాగా పట్టుకున్నాడు. ఫిన్నిష్ మీద ఇష్టంతో క్వెన్యా, వెల్ష్ మీద ఇష్టంతో సిందరిన్ అనే రెండు భాషలు కట్టి, రెండింటికీ ఒకే తల్లిని కల్పించాడు. తల్లి భాషలోని ‘క్వ’ ఒక దాంట్లో అలాగే ఉండిపోయింది, ఇంకోదాంట్లో ‘ప’ అయింది. అందుకే మాట్లాడడం ఒక చోట ‘క్వెత్’, ఇంకో చోట ‘పెద్’. మన పాలు కన్నడంలో ‘హాలు’, మన పులి ‘హులి’, మన పాము ‘హావు’ అయినట్టే.

తెలుగులో రెండు అంటాం. మనుషులైతే ఇద్దరు, పదులైతే ఇరవై. లెక్కకి పొంతన లేదు. తమిళంలో రెండుని ‘ఇరండు’ అంటారు, రోలుని ‘ఉరల్’ అంటారు. ఒకప్పుడు తెలుగు నోట మాట మొదటి అచ్చు ‘ర’ వెనక్కి జరిగింది, ‘ఇరండు’ లాంటిది రెండు అయింది, ‘ఉరల్’ లాంటిది రోలు అయింది. ఇరవైలో, ఇరువైపులా అన్నప్పుడు మాత్రం ఆ పాత ‘ఇరు’ కదలకుండా ఉండిపోయింది. ఇలాంటి జంట తన భాషలో ఉండాలనుకునేవాళ్ళు ముందు ‘ఇరు’ ఉన్న తల్లి భాషని కట్టుకోవాలి. తర్వాత ఆ మార్పుని భాష మొత్తం మీద నడిపించి, రెండుకీ ఇరవైకీ చుట్టరికం ఎక్కడ తెగిపోయిందో మాట మాటా వెతుక్కుంటూ కూర్చోవాలి.