రంపం మిషన్‌కు ఏ గ్లౌజులు? కొన్ని అపోహలు, వాస్తవాలు

అనంతపురం చుట్టుపక్కల ఎండిపోయిన చీనీ తోటలు కొట్టడం, పొలాల్లో సర్కారు తుమ్మ తీయడం నా పని. కొత్తగా రంపం మిషన్ (చైన్ సా) కొనే కుర్రాళ్లు, చైన్ తిరిగే బార్ ఎన్ని అంగుళాలని పదిసార్లు అడుగుతారు. గ్లౌజులు మాత్రం కొట్టువాడు ఏవిస్తే అవే.

అపోహ: మందంగా ఉంటే చాలు, వెల్డింగ్ గ్లౌజులైనా పనికొస్తాయి.
వాస్తవం: అంత మందపు తోలులో ట్రిగ్గర్ మీద వేలు ఉందో లేదో తెలియదు. ముందు పిడిని బొటనవేలితో చుట్టి పట్టుకోవడం కుదరదు. బార్ కొన దేనికైనా తగిలి మిషన్ ఎగిరి మీదికొచ్చినప్పుడు మనల్ని కాపాడేది ఆ పట్టే. నూలు గ్లౌజులు ఇంకా అన్యాయం, చైన్ ఆయిల్ పడితే జారిపోతాయి. అరచేతి వైపు మెత్తటి తోలు, మణికట్టు దగ్గర బిగించుకునే పట్టీ ఉన్నవి చూడండి. తుమ్మ ముళ్లకూ తోలే మేలు.

అపోహ: చైన్ సా గ్లౌజులు వేసుకుంటే చైన్ తగిలినా చెయ్యి తెగదు.
వాస్తవం: ఆ గ్లౌజు లోపల పొడవాటి దారాల పొరలు ఉంటాయి. చైన్ తగలగానే దారాలు బయటికొచ్చి, చైన్‌ను తిప్పే పళ్లచక్రానికి చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి. కానీ చాలా రకాల్లో ఆ పొర ఎడమ చేతి వెనక భాగంలోనే ఉంటుంది, అరచేతి వైపు ఉండదు. ముందు పిడి పట్టుకునే ఎడమ చెయ్యి జారితే చైన్‌కు మొదట ఎదురయ్యేది ఆ భాగమే మరి. లేబుల్ మీద చైన్ సా గ్లౌజుల ప్రమాణం నంబరు, ఐఎస్ఓ 11393-4 అనో, పాతవైతే ఈఎన్ 381-7 అనో ఉండాలి. క్లాస్ 0 అంటే సెకనుకు 16 మీటర్ల చైన్ వేగం దగ్గర పరీక్షించినది, క్లాస్ 1 అంటే 20. ఆ 20 మీటర్లంటే గంటకు 72 కిలోమీటర్లు. ఫుల్ రేజ్‌లో చైన్ అంతకన్నా వేగంగా తిరగొచ్చు.

చైన్ ఒక్కసారి తగిలిందా, ఆ గ్లౌజు పని అయిపోయినట్టే. కుట్టించి వాడొద్దు.

అపోహ: ‘కట్ లెవెల్ 5’ అని రాసుంది కదా, చైన్‌కూ ఆగుతుంది!
వాస్తవం: అది మామూలు పని గ్లౌజులకు చేసే ఈఎన్ 388 పరీక్ష. కత్తి, రేకు అంచుల్లాంటివాటికి సరిపోతుంది, తిరిగే చైన్‌కు కాదు. మిషన్ ఆపి ఆకురాయితో చైన్ పళ్లు సాన పట్టేటప్పుడు మాత్రం నేను అవే వేసుకుంటాను.

అపోహ: ఎడమచేతి వాటం వాళ్లు రక్షణ కుడి చేతికి ఉన్నవి కొనాలి.
వాస్తవం: వాటం ఏదైనా ముందు పిడి మీద ఎడమ చెయ్యే. మిషన్ తయారీయే అలా ఉంటుంది.

అపోహ: వైబ్రేషన్ తగ్గించే గ్లౌజులు వేసుకుంటే తిమ్మిర్లు రావు.
వాస్తవం: వాటి మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మిషన్‌లో అదురు తగ్గించే రబ్బరు బుష్‌లు అరిగితే మార్చడం, చైన్ పదునుగా ఉంచడం, మధ్యమధ్యలో ఆగడం వీటివల్లే ఎక్కువ లాభం. వేళ్లు తెల్లబడుతుంటే డాక్టర్‌కు చూపించుకోండి.

ఇక సైజు. “ఎండకు చేతులు ఉడికిపోతాయన్నా, వదులుగా ఉండనీ” అంటారు మావాళ్లు. వదులు గ్లౌజు పిడి మీద మెలి తిరుగుతుంది. బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ టేపు పెట్టి కొలవండి. దాదాపు 23 సెంటీమీటర్లు వస్తే సైజు 9. చెమటకు నేను రెండు జతలు పెట్టుకుంటాను, ఒకటి తడిస్తే ఇంకోటి.

పోయిన వేసవిలో ఒక కుర్రాడు ఖరీదైన గ్లౌజులు కొనుక్కుని, కాళ్లకు హవాయి చెప్పులతో తోటకొచ్చాడు. ఆ రోజు వాడితో కట్టెలే మోయించాను.