బెంగళూరులో భూగోళశాస్త్ర ప్రాజెక్టులు: డిగ్రీ విద్యార్థులు వెంట తెచ్చుకునే అపోహలు

బెంగళూరులో డిగ్రీ విద్యార్థుల చేత మానవ, పర్యావరణ భూగోళశాస్త్ర ప్రాజెక్టులు చేయించడం నా వృత్తి. అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగు పిల్లలు ఏటా కొందరు నా దగ్గర ఉంటారు. భూగోళమంటే రాజధానులూ నదులూ బట్టీపట్టడమేనన్న భ్రమ మొదటి వారంలోనే పోతుంది కనుక దాని జోలికి పోను. చివరి సెమిస్టరు దాకా వదలనివి వేరే ఉన్నాయి.

అపోహ: విషయం ఎంత పెద్దదైతే పరిశోధన అంత గొప్పది.

వాస్తవం: "బెంగళూరు నగరీకరణ, పర్యావరణంపై దాని ప్రభావం" అన్న శీర్షికతో ఏటా ఎవరో ఒకరు వస్తారు. 2011 జనగణన నాటికే 96 లక్షల జనాభా ఉన్న జిల్లాను నాలుగు నెలల్లో, ఒక బస్ పాసుతో చదివేయడం ఎవరి వల్లా కాదు. అదే విద్యార్థి ఒక చెరువు నీటిని మరో చెరువుకు చేర్చే రాజకాలువ ఒక్కదాన్ని ఎంచుకుని, దాని వెంట రెండు కిలోమీటర్లు నడిచి, ఎక్కడ ఎంత వెడల్పుందో, ఎక్కడ మురుగు వచ్చి కలుస్తోందో, ఎక్కడ గోడ కట్టి దారి మళ్లించారో కొలిచి రాస్తే, 2022 సెప్టెంబరు వానలకు అవుటర్ రింగ్ రోడ్డు వైపు కాలనీలు ఎందుకు మునిగాయన్న ప్రశ్నకు జవాబులో ఒక ముక్క అయినా చేతికొస్తుంది.

అపోహ: ఉపగ్రహ చిత్రాలుంటే క్షేత్రానికి వెళ్లనక్కర్లేదు.

వాస్తవం: ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి, పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరూ ఉచితమే, కాబట్టి హాస్టలు గదిలోనే ప్రాజెక్టు ముగించాలన్న కోరిక సహజం. అయితే ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) 30 మీటర్ల చదరం, అంటే మన లెక్కలో సుమారు 22 సెంట్లు. ఆ 22 సెంట్లలో ఒక ఇల్లూ, రెండు కొబ్బరిచెట్లూ, ఒక రేకుల షెడ్డూ ఉన్నా అన్నీ కలిసి ఒకే విలువగా నమోదవుతాయి. సెంటినెల్-2 అనే మరో ఉపగ్రహం చిత్రాల్లో చుక్క 10 మీటర్లే, అయినా అదీ రెండున్నర సెంట్లు. ఒకసారి మా విద్యార్థి ఒకరు బెళ్లందూరు చెరువు దగ్గర పచ్చదనం పెరిగిందని ఉపగ్రహ చిత్రాల నుంచి పచ్చదన సూచికలు లెక్కగట్టి, రంగుల పటం వేసి, ఎంతో సంతోషంగా తెచ్చి చూపించారు. మురుగునీటితో నురగలు కక్కి, 2015లోనూ 2017లోనూ మంటలు లేచిన చెరువు అది. ఆ పచ్చదనమంతా నీటి మీద పరచుకున్న గుర్రపుడెక్క. లెక్కలో తప్పేమీ లేదు. ఆకుపచ్చ ఆకు ఎక్కడున్నా ఆ సూచిక పచ్చగానే చూపిస్తుంది. గట్టు మీద పది నిమిషాలు నిలబడి ఉంటే ఆ పటం వేయవలసిన అవసరమే వచ్చేది కాదు.

అపోహ: తెలుగు వస్తే చాలు, తెలుగు కూలీలు ఉన్నది ఉన్నట్టు చెబుతారు.

వాస్తవం: మా పిల్లలకు భాష పెద్ద ఆస్తి అన్న మాట నిజమే, కానీ వాళ్లు ఎక్కువగా పొరబడేదీ అక్కడే. కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉండేవారిని "ఏ ఊరు?" అని అడిగితే "కళ్యాణదుర్గం" అంటారు; అది వాళ్లు బస్సెక్కిన ఊరు కావచ్చు, సొంత పల్లె మరెక్కడో ఉండవచ్చు. "వచ్చి ఎన్నాళ్లయింది?" అంటే నెలలు చెప్పరు, "ఉగాది పోయినాక వచ్చినాం, పీర్ల పండక్కి గూగూడుకు పోతాం" అంటారు. పీర్ల పండుగ (మొహర్రం) ఏటా పది పదకొండు రోజులు ముందుగానే వస్తుంది కనుక, ఏ సంవత్సరం మాటో అడగకుండా దాన్ని నెలల్లోకి మార్చిన పట్టిక తప్పుల తడక అవుతుంది. ఇక మేస్త్రీ పక్కన నిలబడి ఉన్నంతసేపూ అందరి కూలీ ఒకే అంకె. అతను టీకి వెళ్లాక అడ్వాన్సు, దాని కోతలు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. అందుకే మొదటి రోజు ప్రశ్నపత్రం లేకుండా వెళ్లి కూర్చుని రమ్మంటాను. తండ్రి వయసు వారిని "నువ్వు" అనకుండా "పెద్దాయనా", "అక్కా" అని పిలవమని కూడా చెప్పవలసి రావడం నాకు కొంచెం బాధగానే ఉంటుంది. పేర్లు రాసుకోకూడదు, షెడ్డు ఉన్న చోటును పటంలో చుక్క పెట్టి చూపకూడదు. మాట్లాడినందుకు ఎవరి పనీ పోకూడదు.

అపోహ: ఊరి పేరే రుజువు.

వాస్తవం: బొమ్మసంద్ర, జక్కసంద్ర, తిప్పసంద్ర పేర్లలోని "సంద్ర" సముద్రమేనని బుక్కరాయసముద్రం ఎరిగిన అనంతపురం పిల్లలు మిగతా వారికన్నా ముందే పసిగడతారు. అది మంచి ఊహ, అంతవరకే. చెరువు ఎక్కడుండేదో, ఎంత ఉండేదో సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు చూసి, ఊళ్లోని పెద్దలను అడిగి నిర్ధారించుకోవాలి. మరోవైపు మెజెస్టిక్ బస్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. బస్సు దిగేవారు నేటి పేర్లను బట్టి ఆ సంగతి ఊహించలేరు.

అపోహ: జనగణన అంకెలను నేరుగా పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

వాస్తవం: 2001లో నగరపాలికకు వార్డులు 100, 2007లో చుట్టుపక్కల పురపాలికలనూ 110 గ్రామాలనూ కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికె (బీబీఎంపీ) ఏర్పడింది, 2011 లెక్కలు 198 వార్డులవి. 2025 సెప్టెంబరు నుంచి నగరం ఐదు కార్పొరేషన్లయింది. హద్దులు సరిపోల్చకుండా "మా వార్డు జనాభా పెరిగింది" అని రాయడానికి వీల్లేదు.

అపోహ: అనుకున్న ఫలితం రాకపోతే ప్రాజెక్టు విఫలమైనట్టే.

వాస్తవం: చెరువుగట్టు రాత్రి వేళ చల్లగా ఉంటుందని నిరూపించాలని ఒక అమ్మాయి రెండు వారాలు థర్మామీటరు పట్టుకుని తిరిగింది. రాత్రి తొమ్మిదింటికి గట్టు దగ్గర అంకెలు పక్క వీధి కంటే తగ్గలేదు. నీరు పగలు దాచుకున్న వేడిని రాత్రి నెమ్మదిగా వదులుతుంది కనుక అలా జరగడం సాధ్యమే. ఆమె మాత్రం అంకెలు కొంచెం సవరించవచ్చా అని నన్ను అడిగింది. సవరించనివ్వలేదు, కొలిచిన చోటు, గంట, ఆనాటి గాలి, మబ్బు అన్నీ వివరంగా రాయించాను. ఇప్పుడు ఆమె తర్వాతి బ్యాచి అదే గట్టు మీద, అదే గంటకు, పగటి అంకెలు కూడా కలిపి కొలుస్తోంది.