తొంభై రెండో వీధి వేదిక ఎవరిది?

2023 అక్టోబర్ 20, శుక్రవారం. న్యూయార్క్‌లో లెగ్జింగ్టన్ అవెన్యూ, తొంభై రెండో వీధి కలిసే మూలన ఉన్న 'నైంటీ సెకండ్ స్ట్రీట్ వై' అనే సాంస్కృతిక సంస్థ పాత భవనంలో ఆ సాయంత్రం రచయిత వియెట్ తాన్ న్యుయెన్ మాట్లాడాలి. 2016లో పులిట్జర్ బహుమతి పొందిన వియత్నామీ అమెరికన్ నవలాకారుడాయన. కొత్తగా వచ్చిన తన ఆత్మకథ గురించి మరో నవలాకారిణి మిన్ జిన్ లీతో సంభాషణ. టికెట్లు అమ్మారు, అంతా సిద్ధమైంది. కొన్ని గంటల ముందు కార్యక్రమం వాయిదా పడిందని కబురు వచ్చింది. కొత్త తేదీ మాత్రం చెప్పలేదు. తేదీ చెప్పని వాయిదాను ఏమనాలో సభలు జరిపేవాళ్లందరికీ తెలుసు.

రెండు రోజుల ముందు 750 మందికి పైగా రచయితలు, కళాకారులు సంతకాలు చేసిన బహిరంగ లేఖ ఒకటి వెలువడింది. గాజాపై ఇజ్రాయెల్ దాడులను తప్పుపడుతూ, కాల్పులు ఆపాలని కోరుతూ రాసిన లేఖ అది. సంతకాల్లో న్యుయెన్‌ది కూడా ఉంది. హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయి, 250 మంది దాకా బందీలుగా చిక్కి అప్పటికి పదమూడు రోజులే అయింది. తమది యూదు సంస్థ అని, భిన్నాభిప్రాయాలకు ఎప్పుడూ చోటిచ్చామని, అయితే ఈ సమయంలో ఈ కార్యక్రమాన్ని ఎలా జరపాలో ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలని సంస్థ చెప్పుకుంది. 'యూదు సంస్థ', 'అందరి వేదిక' అనే రెండు మాటలూ ఆ భవనంలో దాదాపు తొంభై ఏళ్లుగా కాపురం చేస్తున్నాయి. ఆ కాపురం ఎలా కుదిరిందో తెలిస్తే తప్ప ఆ శుక్రవారం సాయంత్రం అంత గొడవ ఎందుకైందో అర్థం కాదు.

సంస్థ పుట్టింది 1874లో. పేరు యంగ్ మెన్స్ హీబ్రూ అసోసియేషన్. పేరు వినగానే క్రైస్తవ యువకుల సంఘం వైఎంసీఏ గుర్తొస్తుంది. నమూనా అదే మరి. స్థాపకులు న్యూయార్క్‌లో స్థిరపడి, వ్యాపారాల్లోనూ వృత్తుల్లోనూ నిలదొక్కుకున్న జర్మన్ యూదులు. పిల్లలకు చదువుకునే గది, వ్యాయామశాల, ఉపన్యాసాలు, మంచి స్నేహాలు ఉండాలన్నది వారి కోరిక. అంటే అది గుడి కాదు, బడి కాదు, క్లబ్బు అనడానికీ లేదు. మూడింటి లక్షణాలూ కొద్దికొద్దిగా ఉన్న చోటు.

1881 తర్వాత కథ మారింది. రష్యా సామ్రాజ్యంలో యూదులపై దాడులు మొదలయ్యాయి. అక్కడి నుంచి, తూర్పు యూరప్ మొత్తం నుంచి, తర్వాతి నాలుగు దశాబ్దాల్లో ఇరవై లక్షల మందికి పైగా అమెరికా చేరారు. తూర్పు యూరప్ యూదుల భాష ఈడిష్ మాట్లాడే, గడ్డాలు పెంచిన, చేతిలో చిల్లిగవ్వ లేని ఈ బంధువులను చూసి ముందు వచ్చినవారు జాలిపడ్డారు. నలుగురిలో తలవంపులనీ అనుకున్నారు. ఆ రెండు భావాలూ కలిసి ఇంగ్లీషు తరగతులుగా, చేతిపనుల శిక్షణగా, పౌరసత్వ పాఠాలుగా రూపం దాల్చాయి. వచ్చినవారిని వీలైనంత త్వరగా అమెరికన్లుగా మార్చడం అప్పటి లక్ష్యం. 1900లో బ్యాంకరు జేకబ్ షిఫ్ ఇచ్చిన విరాళంతో తొంభై రెండో వీధి మూలన సొంత భవనం వచ్చింది. అప్పటి నుంచి జనం నోట ఆ వీధి పేరే సంస్థ పేరు: 'నైంటీ సెకండ్ స్ట్రీట్ వై', ముద్దుగా 'వై'. 2022లో పేరును '92ఎన్‌వై' అని మార్చారు కానీ పాతవాళ్ల నాలుకకు అది ఇంకా పట్టలేదు.

ఇప్పుడున్న భవనం 1930లో తెరుచుకుంది. ఈతకొలను, వ్యాయామశాల, యువకులు ఉండటానికి గదులు, వాటితో పాటు దాదాపు 900 సీట్ల కాఫ్‌మన్ కచేరీ మందిరం. చెక్క పలకలు తాపడం చేసిన గోడల పైభాగంలో మహామహుల పేర్లు చెక్కించారు. బైబిలు ప్రవక్తలకూ షేక్‌స్పియర్, బీథోవెన్ లాంటివారికీ ఒకే వరసలో చోటు. కట్టించినవారి మనసు ఆ గోడ మీదే చదువుకోవచ్చు: మావాళ్లూ మీవాళ్లూ పక్కపక్కనే, ఒకే అక్షరాల్లో. ముహూర్తం మాత్రం అధ్వానం. అప్పటికి వాల్‌స్ట్రీట్ కుప్పకూలి ఏడాదైనా కాలేదు.

ఆ మందిరానికి ప్రాణం పోసిన మనిషి పేరు విలియం కోలోడ్నీ. 1934లో విద్యా విభాగం బాధ్యతతో వచ్చాడు, మూడు దశాబ్దాలకు పైగా అక్కడే ఉన్నాడు. ఆయన ఎత్తుగడ చాలా తేలికైనది. కార్నెగీ హాలుతో పోటీ పడటానికి డబ్బు లేదు, 900 సీట్లలో పెద్ద ఆర్కెస్ట్రాలు గిట్టుబాటు కావు. కాబట్టి టికెట్ల వ్యాపారానికి పనికిరావని పెద్ద హాళ్లు పక్కన పెట్టినవాటిని పిలిచాడు. నలుగురు కూర్చుని వాయించే చాంబర్ సంగీతం, అప్పుడప్పుడే కాళ్లు నిలదొక్కుకుంటున్న ఆధునిక నృత్యం, ఎవరూ డబ్బిచ్చి వినరని అందరూ అనుకునే కవిత్వం. 1939లో కవితా కేంద్రం మొదలైంది. మార్తా గ్రాహం లాంటి నర్తకులు అక్కడ పాఠాలు చెప్పారు. పిలుపు అందుకున్నవారు యూదులా కాదా అన్న లెక్క కోలోడ్నీ పెట్టుకోలేదు. మంచి కళను అందించడమే యూదు విద్యలో భాగమన్నది ఆయన వాదం. ధర్మకర్తల మండలిలో అందరికీ ఇది ఒక్కసారిగా మింగుడుపడి ఉండదని నా ఊహ. కానీ సీట్లు నిండుతుంటే సిద్ధాంత చర్చలు కాస్త మెత్తబడతాయి.

దీని ఫలం బాగా కనిపించింది నృత్యంలో. 1943 ఫిబ్రవరి 14న పెర్ల్ ప్రైమస్ అనే నల్లజాతి యువతి ఆ వేదిక మీదే తొలిసారి వృత్తి నర్తకిగా నిలబడింది. 1958 మార్చి 30న ఆల్విన్ ఐలీ తన బృందాన్ని మొదటిసారి ప్రేక్షకుల ముందుకు తెచ్చిందీ ఇక్కడికే. 1960 జనవరి 31న అదే బృందం 'రెవిలేషన్స్' తొలి ప్రదర్శన ఇచ్చింది. టెక్సస్‌లో చిన్నప్పుడు చర్చిలో విన్న పాటల జ్ఞాపకాల నుంచి ఐలీ అల్లిన నృత్యమది. మొదటి రోజు గంటకు పైగా సాగింది. తర్వాత కుదించిన రూపమే ప్రపంచమంతా తిరిగింది. క్యాలెండరు తిరగేస్తే ఈ మూడు తేదీలూ ఆదివారాలే. ఐలీ నర్తకుల్లో చాలామంది మిగతా రోజుల్లో బ్రాడ్‌వే నాటకాల్లో పొట్టపోసుకునేవారు. ఆదివారం ఒక్కటే వాళ్ల సొంతం. నల్లజాతి నర్తకులకు చెప్పుకోదగ్గ వేదిక దొరకడమే గగనమైన రోజుల్లో, ఒక యూదు సంఘం హాలులో నల్లజాతి క్రైస్తవ భక్తి గీతాలకు నృత్యం పుట్టింది. 'అందరి వేదిక' అనే మాటకు అక్కడివాళ్లు చూపే మొదటి రుజువు ఇదే.

కవిత్వానిది ఇంకా రంజైన కథ. 1949లో జాన్ మాల్కం బ్రినిన్ కవితా కేంద్రం పగ్గాలు పట్టుకున్నాడు. వెల్ష్ కవి డిలన్ థామస్‌ను అమెరికాకు రప్పించింది ఆయనే. 1950 ఫిబ్రవరిలో థామస్ మొదటిసారి కాఫ్‌మన్ మందిరంలో చదివాడు. ఆ గొంతు విన్నవారు మళ్లీ మళ్లీ వచ్చారు. 1952లో అలా వచ్చిన ఇరవై రెండేళ్ల అమ్మాయిలు ఇద్దరు, ఆయన చదువుతుంటే రికార్డు చేసి అమ్మితే ఎలా ఉంటుందని ఆలోచించారు. తెరవెనక్కి చీటీ పంపారు. ఆడపిల్లలని తెలిస్తే తేలిగ్గా తీసుకుంటారని పూర్తి పేర్లు రాయకుండా పొడి అక్షరాలతో సంతకం చేశారు. కేడ్‌మన్ అనే ఆడియో సంస్థ అలా మొదలైంది. ఈ రోజు చెవిలో పెట్టుకుని వింటున్న ఆడియో పుస్తకాల వంశవృక్షంలో ఆ చీటీ చాలా పై కొమ్మన ఉంటుంది.

1953 మే 14న థామస్ నాటకం 'అండర్ మిల్క్ వుడ్'ను అదే వేదిక మీద నటులతో చదివించారు. తెర లేచే సమయం దగ్గరపడుతున్నా ముగింపు రాయడం పూర్తి కాలేదు. గదిలో కూర్చోబెట్టి బలవంతాన రాయించారు. చివరి పుటలు నటులు మేకప్ వేసుకుంటుండగా చేతికి అందాయి. ఎవరికో బుద్ధి పుట్టి వేదిక నేల మీద ఒక మైకు పెట్టి టేపు తిప్పారు. థామస్ స్వయంగా పాల్గొన్న ఆ నాటకానికి మిగిలిన ధ్వని సాక్ష్యం అదొక్కటే. ఆ నవంబరులో ఆయన న్యూయార్క్‌లోనే చనిపోయాడు.

ఇదే వరుసలో ఒక పేరు దగ్గర ఆగాలి. 1950 డిసెంబర్‌లో ఇక్కడ కవిత్వం చదివినవారిలో టి. ఎస్. ఎలియట్ ఉన్నాడు. ఆయన తొలినాటి పద్యాల్లో యూదుల మీద ఏవగింపు దాచినా దాగదు. 1933లో అమెరికాలోనే ఇచ్చిన ఒక ఉపన్యాసంలో, స్వేచ్ఛగా ఆలోచించే యూదులు పెద్ద సంఖ్యలో ఉండటం సమాజానికి అవాంఛనీయమని అన్నాడు. ఆ ఉపన్యాసం పుస్తకంగా కూడా అచ్చయింది. అయినా నాజీల మారణహోమం ముగిసి ఐదేళ్లు తిరిగేసరికి ఒక యూదు సంస్థ ఆయన్ను పిలిచి, మైకు ముందు నిలబెట్టి, విన్నది. గొప్పతనమనుకోవచ్చు, నోబెల్ బహుమతి ముందు మెడ వంచడమనుకోవచ్చు. నాకైతే రెండూ కొంచెం కొంచెం నిజమనిపిస్తాయి. ఏదేమైనా 2023లో కొందరు రచయితల ఆగ్రహానికి వెనక ఇలాంటి చరిత్ర ఉంది. న్యుయెన్ మాట్లాడాలనుకున్నది తన తల్లిదండ్రుల గురించి, శరణార్థిగా గడిచిన బాల్యం గురించి.

ఇంతకీ యూదు జీవితం ఆ భవనం నుంచి తప్పుకుందా అంటే, ఎన్నడూ లేదు. హిబ్రూ తరగతులు, పండుగలు, జానపద నృత్యాలు సాగుతూనే ఉన్నాయి. 1960ల నుంచి దశాబ్దాల పాటు రచయిత ఎలీ వీజెల్ బైబిలు కథల మీద, యూదు ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్ మీద, హసీదీ అనే యూదు భక్తి సంప్రదాయపు గురువుల మీద ఇచ్చిన ఉపన్యాసాలు 180కి పైనే. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడిన ఆ మనిషి పురాణం చెబుతుంటే వినడానికి ఏటా అదే జనం, దాదాపు అవే సీట్లలో కూర్చునేవారు. 1970లో పాటల రచయితల కోసం ఒక పరంపర మొదలుపెట్టారు. మొదటి అతిథి యిప్ హార్బర్గ్. ఈడిష్ ఇంట్లో, న్యూయార్క్ పేదవాడలో పుట్టి, హాలీవుడ్ పాటలు రాసి, 1950లలో రాజకీయ భావాల కారణంగా పనికి దూరమైనవాడు. సినిమావాళ్లు తలుపు మూసిన మనిషికి 'వై' మైకు ఇచ్చింది.

కాలం గడిచేకొద్దీ భవనానికి ఇంకో ముఖం వచ్చింది. చుట్టుపక్కల ప్రాంతం నగరంలోకెల్లా ఖరీదైనదైంది. 'వై' నడిపే శిశు పాఠశాలలో సీటు కోసం కోటీశ్వరులు క్యూ కట్టారు. వాల్‌స్ట్రీట్ విశ్లేషకుడొకరు తన కవల పిల్లల సీట్ల కోసం తాను పనిచేసే బ్యాంకు అధినేత సాయం కోరారని, ఆ బ్యాంకు 'వై'కి పది లక్షల డాలర్ల విరాళం ప్రకటించిందని 2002లో పత్రికలకెక్కింది. పేద వలసదారులకు ఇంగ్లీషు నేర్పడానికి వెలసిన సంస్థ ఎంత దూరం నడిచిందో చెప్పడానికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

డబ్బిచ్చిన ప్రేక్షకుడి మాట ఎంతవరకు చెల్లుతుందన్నది 2010 నవంబరులో కాస్త నవ్వులాటగానే తేలింది. హాస్యనటుడు స్టీవ్ మార్టిన్ తన కొత్త నవల గురించి మాట్లాడటానికి వచ్చాడు. నవల చిత్రకళా వ్యాపారం గురించి, సంభాషణ కూడా దాని గురించే నడిచింది. వేరే ఊళ్లలో తెర మీద చూస్తున్నవారికి విసుగొచ్చి ఈమెయిళ్లు పంపారు. నిర్వాహకులు సంభాషణ మధ్యలోనే వేదిక మీదికి చీటీ పంపారు: ఆయన సినీ జీవితం గురించి అడగండి. మర్నాడు ప్రేక్షకులందరికీ క్షమాపణ చెబుతూ, ఒక్కో టికెట్టుకు 50 డాలర్ల కూపన్ ఇస్తామన్నారు. కవిత్వాన్ని ఎవరూ డబ్బిచ్చి వినరని తెలిసీ పిలిచిన కోలోడ్నీ ఉండి ఉంటే ఆ చీటీని ఏం చేసేవాడో!

ఇజ్రాయెల్ విషయంలో మాత్రం నవ్వులాట లేదు. 2013 ఏప్రిల్‌లో రాక్ గాయకుడు రోజర్ వాటర్స్‌తో ప్రకటించిన కార్యక్రమాన్ని, ఇజ్రాయెల్‌ను బహిష్కరించాలనే ఆయన వైఖరిపై నిరసనలు వచ్చాక రద్దు చేశారు. న్యుయెన్ కూడా ఆ బహిష్కరణ ఉద్యమానికి మద్దతు పలికినవాడే. కాబట్టి 2023 నాటి నిర్ణయం ఆకాశం నుంచి ఊడిపడలేదు. సరిహద్దు గీత పదేళ్ల ముందే ఉంది. ఎక్కడుందో ఎవరూ పైకి చెప్పలేదు, అంతే.

సంస్థ వైపు నుంచి చూస్తే, దాని సభ్యుల్లో, సిబ్బందిలో ఇజ్రాయెల్‌లో బంధువులున్నవారు కొల్లలు. శవాల లెక్క ఇంకా తేలలేదు, బందీల ఫొటోలు నగరం గోడల మీద అతికించి ఉన్నాయి. ఎలియట్ మాటలకు పదిహేడేళ్లు నిండాక ఆయన కవిత్వం వినడం వేరు, పదమూడు రోజుల గాయం మీద చర్చ వినడం వేరు అని వాదించవచ్చు. ఆ వాదనలో బలముంది. అది నిజాయితీగా చెప్పి తలుపు మూసుకుని ఉంటే విమర్శ వచ్చినా గౌరవం మిగిలేది. భిన్నాభిప్రాయాలకు ఎప్పుడూ చోటిచ్చామనే వాక్యాన్ని కూడా అందులో చేర్చడం వల్లే చిక్కొచ్చింది.

ఆ రాత్రి న్యుయెన్, లీ మాన్‌హట్టన్ దక్షిణాన ఉన్న ఒక పుస్తకాల దుకాణంలో మాట్లాడారు. ఆ తర్వాతి వారాంతంలోనే 'వై' సీజన్‌లో రావలసిన రచయితలు ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. కవితా కేంద్రం సిబ్బందిలో కొందరు రాజీనామా చేశారు. సోమవారం, అక్టోబర్ 23న, ఆ సీజన్ సాహిత్య కార్యక్రమాలను ఆపేస్తున్నట్లు సంస్థ ప్రకటించింది.