పదకొండున్నర సెంట్లలో నలుగురు

2025 జనవరి 2 సాయంత్రం విశాఖ ఆర్‌కే బీచ్‌లో నౌకాదళం రిహార్సల్ జరుగుతుండగా ఇద్దరు జవాన్ల ప్యారాచూట్లు గాల్లోనే ఒకదానికొకటి చుట్టుకున్నాయి. ఇద్దరూ గిరగిరా తిరుగుతూ ఒడ్డుకు దగ్గర్లో సముద్రంలో పడ్డారు. పడవ వెళ్ళి తీసుకొచ్చింది, దెబ్బలు తగల్లేదు. మన పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్ళకి విశాఖ అంటే పొరుగూరే. ఆస్పత్రికైనా పెళ్ళి బట్టలకైనా అక్కడికే పోతాం. అందుకే ఆ వీడియో ఇక్కడి ఫోన్లలో చాలా రోజులు తిరిగింది. దాంతోపాటు రెండు ప్రశ్నలూ తిరిగాయి. ఇంకాస్త పెద్ద ప్యారాచూట్ కట్టుకోవచ్చుగా? నీళ్ళలో కాకుండా జనం మీద పడితే డబ్బెవరిస్తారు?

మొదటిదానికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. పాత ప్యారాచూట్ గుండ్రటి గొడుగు. గాలి ఎటు తోస్తే దాదాపు అటే పోతుంది. 1964లో డొమినా జాల్బర్ట్ అనే గాలిపటాల నిపుణుడు పేటెంటుకు పెట్టిన డిజైను దీన్ని మార్చేసింది. పక్కపక్కన కుట్టిన అరల్లోకి గాలి దూరి, గుడ్డే విమానం రెక్కలా బిగుసుకుంటుంది. అప్పటినుంచి ప్యారాచూట్ కిందికి దించడమే కాదు, ముందుకీ ఎగురుతుంది, తిప్పితే తిరుగుతుంది. సైజును చదరపు అడుగుల్లో చెబుతారు. సామానుతో కలిపి 90 కిలోలు, అంటే సుమారు 198 పౌండ్లు, తూగే మనిషి 200 చదరపు అడుగుల దాని కింద వేలాడితే అడుగుకి ఒక పౌండు బరువు పడుతుంది. అదే మనిషి 130 అడుగులది కట్టుకుంటే ఒకటిన్నర పౌండ్లు. దీన్నే వింగ్ లోడింగ్ అంటారు. ఆ అంకె పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది, నేల కూడా వేగంగా మీదికొస్తుంది. పెద్దది నెమ్మదిగా దింపుతుంది గానీ ఎదురుగాలి బలంగా ఉంటే ముందుకు సాగలేక వెనక్కి కొట్టుకుపోతుంది. కాబట్టి పెద్దదే మంచిదని కళ్ళు మూసుకుని చెప్పలేం. ఇద్దరు చిక్కుకోవడమంటే సైజు కన్నా మధ్యలో ఎంత ఎడం ఉంచారన్నదే ముఖ్యం.

డబ్బు సంగతీ పాతదే. 1967 ఆగస్టు 27న అమెరికాలో ఒక పాత బాంబర్ విమానం నుంచి మబ్బుల మీదుగా దూకినవాళ్ళలో 18 మంది ఈరీ సరస్సులో పడ్డారు. 16 మంది మునిగిపోయారు. రాడార్ దగ్గరున్న ప్రభుత్వ కంట్రోలర్ వేరే విమానాన్ని వాళ్ళ విమానం అనుకుని చోటు తప్పు చెప్పాడు. కేసు ఏళ్ళ తరబడి నడిచి, చివరికి ప్రభుత్వమే బాధ్యత వహించాలని అప్పీలు కోర్టు తేల్చింది. అది ప్రదర్శన కాదు, చూడ్డానికి వచ్చిన జనమూ లేరు. జనం ఉన్నచోట లెక్క ఇంకా బిగుస్తుంది. అమెరికాలో ఊరి మీదికో, గుమిగూడిన జనం ఉన్నచోటికో దూకాలంటే విమానయాన శాఖ అనుమతి పత్రం ఉండి తీరాలి. స్కైడైవింగ్ సంఘం సభ్యత్వంతో వచ్చే బీమా ప్రదర్శనలకు పనికిరాదు, వేరే పాలసీ తీసుకోవాలి.

అక్కడి నియమాల్లో నాకు బాగా నచ్చింది దిగే నేల కొలత. 5,00,000 చదరపు అడుగులు, అంటే సుమారు పదకొండున్నర ఎకరాలు, దాటితే ఖాళీ పొలం కింద లెక్క. అంతకు తగ్గి, అందులో సగం దాకా ఉంటే ఒక స్థాయి. అంతకన్నా ఇరుకైతే దూకే ప్రతి నలుగురికి కనీసం 5,000 చదరపు అడుగులు చూపించాలి. మన భాషలో పదకొండున్నర సెంట్లు. ఒడిశా పట్టాలో డెసిమిల్ అని రాసినా అదే కొలత. అంత చోటులో, జనానికి 15 అడుగుల దూరం దాకా రావచ్చంటే ఎవర్ని పడితే వాళ్ళని దూకనివ్వరు. ప్రో రేటింగ్, అంటే ప్రదర్శనల్లో దూకేవాళ్ళకిచ్చే అర్హత, ఉండాలి. దానికి 500 సార్లు దూకి ఉండాలి, పైగా ముందే చెప్పి గురి చూసి దిగే పరీక్ష.

మన దగ్గర ఈ ఆట ఎక్కువగా సైన్యం చేతిలోనే పెరిగింది. వైమానిక దళం ఆకాశ్ గంగ జట్టు 1987లో పుట్టింది. 2024 నేవీ డే విన్యాసాలు పూరీ తీరంలో జరిగాయి. సివిల్ వాళ్ళ సంగతికొస్తే, ప్రమాదంలో తప్ప ప్యారాచూట్‌తో దిగాలన్నా, విమానం నుంచి ఏదైనా పడెయ్యాలన్నా అనుమతి కావాలని 1937 నాటి విమాన నియమాల్లో ఉంది. (1995 డిసెంబరులో బెంగాల్‌లోని పురూలియాలో రాత్రికి రాత్రి ఆయుధాల పెట్టెలు ప్యారాచూట్లతో దిగాయి. వాటిని పడేసినవాళ్ళని ఈ రూలేం ఆపలేదనుకోండి.)

బీమాలో మాత్రం ఒక తమాషా ఉంది. ఆరోగ్య బీమా కంపెనీలన్నీ ఒకేలా రాయాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన మినహాయింపుల జాబితాలో సాహస క్రీడల వాక్యం ఒకటుంది. పారా జంపింగ్, స్కై డైవింగ్ రెండూ అందులో పేరుపేరునా ఉన్నాయి. కాకపోతే 'ప్రొఫెషనల్‌గా' పాల్గొంటేనే అన్నారు. సరదాకి ఒకసారి దూకి కాలు విరగ్గొట్టుకున్నవాడి మాట వేరు. 500 సార్లు దూకి, పరీక్ష పాసై, డబ్బు తీసుకుని మన ఊరి జాతరకొచ్చి దిగినవాడికే ఆ వాక్యం అడ్డొస్తుంది. ఎవరికి ఎక్కువ అర్హత ఉందో వాడి చికిత్సకే పాలసీ చెయ్యెత్తేస్తుంది. ఇది ఎవరూ కావాలని చేసింది కాకపోవచ్చు, కానీ దూకేవాడికి ఈ ముక్క ముందే తెలియాలి.

ఇక కింద నిలబడి చూసేవాళ్ళ సంగతి. వాళ్ళు ఏ ఫారం మీదా సంతకం పెట్టలేదు. దూకేవాడి ఆరోగ్య పాలసీ వాళ్ళకి ఎలాగూ వర్తించదు. మూడో మనిషికి జరిగే నష్టం పేరుతో విడిగా ఒక పాలసీ తీసుకోవాలి, అది నిర్వాహకుడి పేరు మీద ఉండాలి. మన జాతర మైదానాలకు ఒక పక్క కరెంటు తీగలు, ఇంకో పక్క కొండ, మూడో పక్క రంగులరాట్నం. అక్కడ పదకొండున్నర సెంట్ల ఖాళీ దొరకొచ్చు. పోయినేడు మా ఊళ్ళో రంగులరాట్నానికి అనుమతి తెచ్చిన మనిషిని బీమా కాగితం చూపించమంటే, అదెందుకండీ, ఆంజనేయస్వామి ఉన్నాడుగా అన్నాడు.